ఆ పై మూడు లైన్లు

కువైట్‌లో ఖైతాన్ అనే చోట మా రూముల్లో ఒక కట్టుబాటు ఉంది. సెలవు మీద ఊరికి పోయేవాడి చేతికి మిగతావాళ్లం సామాను ఇచ్చి పంపిస్తాం. టాంగ్ డబ్బా, నీడో పాలపొడి, యాక్స్ ఆయిల్ సీసాలు, చెల్లెలి బిడ్డకు గౌను. ఇచ్చేవాడు మూట విప్పి చూపించి ఇవ్వాలి. లోపల ఏముందో నోటితో చెప్పాలి. తూకం వేయాలి. పైన మార్కర్ పెన్నుతో పంపినవాడి పేరు, అందుకునేవాళ్ల పేరు, ఊరు, ఫోను నంబరు రాయాలి. కుట్టేసిన మూట అయితే సొంత బామ్మర్ది ఇచ్చినా తీసుకోం. ఏముందో తెలియకుండా మోసి ఎయిర్‌పోర్టులో పట్టుబడినవాళ్ల కథలు గల్ఫ్‌లో ప్రతి రూములోనూ చెప్పుకుంటారు. అందుకే ఈ కట్టుబాటును ఎవరూ కాగితం మీద పెట్టకపోయినా, కొత్తగా దిగినవాడికి మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

అవే రూముల్లో, అవే మంచాల మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మేం కొంతమందిమి ప్రోగ్రాములు రాస్తాం. ఒకరు రాసిన కోడు ఇంకొకరికి ఇచ్చుకుంటాం. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో మూట దగ్గర పాటించే నియమం ఒక్కటి కూడా మేం పాటించలేదు. ఏముందో చెప్పలేదు, ఎవరిదో రాయలేదు, విప్పి చూడలేదు. దానివల్ల ఒక పిల్లవాడికి అన్యాయం జరిగింది. చేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి, వయసులో పెద్దవాణ్ణి కూడా. ఇన్నాళ్లూ మాలో ఎవరమూ నోరు విప్పలేదు. అందుకని రాస్తున్నాను.

కువైట్ అంటే మన ఊళ్లలో డ్రైవర్లూ, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే గుర్తుకొస్తారు. రాజంపేట నుంచీ కోడూరు నుంచీ గోదావరి జిల్లాల నుంచీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే, నిజమే. కంప్యూటర్ పని చేసే తెలుగువాళ్లం లెక్కకు తక్కువ. దుకాణాలకు బిల్లింగు సాఫ్ట్‌వేరు, చిన్న కంపెనీలకు లెక్కల ప్యాకేజీలో మార్పులు, వెబ్‌సైట్లు, ఇవీ మా పనులు. ఒకరికొకరం ఆసరాగా ఉండాలని వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. రెండు వందల పైచిలుకు మందిమి చేరాం. ఉద్యోగం పోయినవాడికి ఇంకోచోట దారి చూపించింది ఆ గ్రూపే. అకామా, అంటే నివాస అనుమతి, మార్చుకోవడానికి ఏ కాగితాలు కావాలో చెప్పిందీ అదే. దాన్ని పెట్టినందుకు నాకు ఇప్పటికీ సంతోషమే. కోడు దగ్గరికి వచ్చేసరికే మేం మనుషులం కాకుండా పోయాం.

ఎవరైనా సాయం అడిగితే అడిగే తీరు ఎలా ఉండేదో చెప్తాను. మానిటర్‌ను ఫోనుతో ఏటవాలుగా తీసిన ఫొటో. దాని మీద ట్యూబులైటు మెరుపు. ఎర్రర్ లైను సగం కనిపిస్తుంది, సగం ఫొటో బయట. కింద 'అర్జెంట్ అన్నా' అని ఒక్క ముక్క. ఫొటోలో ఉన్న కోడును కాపీ చేసి నడిపి చూడలేం. ఆర్నెల్ల తర్వాత అదే చిక్కు ఇంకొకడికి వస్తే వెతికినా దొరకదు. కొందరు కోడును నేరుగా మెసేజీలో టైపు చేసేవాళ్లు, కొందరు అతికించేవాళ్లు. టైపు చేసేటప్పుడు ఐఫోను నిలువు కోట్‌లను వంకర కోట్‌లుగా మార్చేది, నక్షత్రం గుర్తుల మధ్య పడిన ముక్కను వాట్సాప్ బొద్దు అక్షరాలు చేసి గుర్తులను కనబడకుండా చేసేది. అతికించిన కోడుకు ముందూ వెనకా మూడేసి బ్యాక్‌టిక్ గుర్తులు పెడితే అక్షరం చెదరకుండా వెళ్తుందని మాలో పదిమందికైనా తెలుసు. ఆ పదిమందిలో ఒక్కరం కూడా గ్రూపులో చెప్పలేదు.

జవాబు తెలిసినవాళ్లం ఇంకో పాడు పని చేశాం. 'ఇన్‌బాక్స్‌లోకి రా' అనేవాళ్లం. అక్కడ చెప్పేవాళ్లం. అడిగినవాడు గ్రూపులోకి తిరిగొచ్చి 'సాల్వ్ అయింది, థాంక్స్ అన్నా' అని రాసి పోయేవాడు. ఎలా అయిందో మిగతా రెండు వందల మందికి తెలిసేది కాదు. చిక్కు తీరాక ఎలా తీరిందో నలుగురికీ చెప్పి పొమ్మని ఎరిక్ రేమండ్ 2001లోనే, ప్రశ్నలు ఎలా అడగాలో చెప్పిన తన వ్యాసంలో రాశాడు. 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లోలో, తప్పు మళ్లీ కనిపించడానికి చాలినంత చిన్న కోడు ముక్కే ఇవ్వమంటారు, తెరకు తీసిన ఫొటోలు వద్దంటారు. మేమందరం రోజూ ఆ సైటులో జవాబులు వెతుక్కుని అన్నం తిన్నవాళ్లమే. ఆ మర్యాద వల్ల బతుకుతూ దాన్ని మా గుమ్మంలోకి రానివ్వలేదు. తెలిసింది దగ్గర పెట్టుకుంటే మన విలువ పెరుగుతుందనుకున్నాం. ఇన్‌బాక్స్ వెనక ఉన్న అసలు సంగతి అది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను ఆపేసిన ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. 'జ్ఞా' అని ఒక తీరుగా రాసి పంపితే, అది తెర మీద చూపించబోయిన యాప్ కుప్పకూలేది. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఆ వారమంతా మా గ్రూపు ఏం చేసిందంటే, ఆ అక్షరాన్ని ఒకరి మీద ఒకరు విసురుకుంది. బ్యాంకు యాప్ తెరవాల్సినవాడి ఫోను, ఇంటికి మాట్లాడాల్సినవాడి ఫోను అని చూడలేదు. నేనూ ఇద్దరికి పంపాను. అది మన అక్షరం, మేం ప్రోగ్రామర్లం. దాన్ని విప్పి చూద్దామని మాలో ఒక్కరికీ తోచలేదు. విప్పి చూసి రాసింది మనీష్ గోరెగావ్కర్ అనే ప్రోగ్రామర్. హల్లు, పొల్లు, ఇంకో హల్లు, ఆ తర్వాత కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్, దాని వెనక అచ్చు గుర్తు, ఈ వరసే చిక్కు తెస్తోందనీ, బెంగాలీలోనూ దేవనాగరిలోనూ ఇలాంటి వరసలే ఉన్నాయనీ ఆయన ఒక్కొక్క అక్షరం పేర్చి చూపించాడు. మన భాషకు వచ్చిన కష్టాన్ని ఇంకొకరు కూర్చుని అర్థం చేసుకుంటుంటే మేం దాన్ని రాయిలా వాడుకున్నాం.

ఇక రహస్యాల సంగతి. మాలో ఒకడు సెట్టింగ్స్ ఫైలు మొత్తం గ్రూపులో పెట్టాడు. డేటాబేసు పాస్‌వర్డ్, సర్వర్ చిరునామా, ఒక దుకాణం ఖాతాదారుల ఫోన్ నంబర్లు, అన్నీ అందులోనే. 'అందరికీ తొలగించు' నొక్కి ఊపిరి పీల్చుకున్నాడు. రెండు వందల ఫోన్లలో అప్పటికే ఎన్నింటిలో దిగిందో ఎవరికి తెలుసు? అలాంటి పాస్‌వర్డ్‌ను ఆ నిమిషమే మార్చాలి, ఇంకో దారి లేదు. మార్చమని మేం గట్టిగా చెప్పలేదు, పోనీలే అని ఊరుకున్నాం. టొయోటా అంతటి సంస్థ 2022 అక్టోబరులో బయటపెట్టుకున్న సంగతి చూడండి. కాంట్రాక్టు పని చేసినవాళ్లు 2017 డిసెంబరులో సోర్స్ కోడులో కొంత గిట్‌హబ్‌లో అందరికీ కనబడేలా పెట్టారు. అందులో సర్వర్ తాళంచెవి ఉంది. దాదాపు ఐదేళ్లు సంస్థలో ఎవరూ గమనించలేదు. 2,96,019 మంది ఈమెయిలు చిరునామాలు బయటికి పోయి ఉండవచ్చని సంస్థ చెప్పుకోవలసి వచ్చింది. మా ఫైలులో ఉన్నవి ఓ నాలుగు వందల నంబర్లు కావచ్చు. ఆ నాలుగు వందల మందికి మాత్రం వాళ్ల నంబరు వాళ్లకు ముఖ్యమే.

ఇప్పుడు ఆ పిల్లవాడి దగ్గరికి వస్తాను. ఇంతసేపూ చుట్టూ తిరిగింది అది చెప్పడానికి మనసు రాకే.

అతనిది రాజంపేట పక్క పల్లె. డిప్లొమా చదివి మేనమామ వెంట వచ్చాడు. పగలు ఒక దుకాణంలో కంప్యూటర్ ముందు బిల్లులు కొట్టేవాడు, రాత్రి ప్రోగ్రాములు నేర్చుకునేవాడు. ఇక్కడ బకాలాల్లో, అంటే కిరాణా కొట్లలో, సెలూన్లలో బిల్లు మీద అరబిక్ ఉండాలి. చవక థర్మల్ ప్రింటర్లకు అరబిక్ సరిగా రాదు. అరబిక్‌లో ఒకే అక్షరం మాట మొదట్లో ఒక రూపంలో, మధ్యలో ఒక రూపంలో, చివర ఒక రూపంలో, విడిగా ఇంకో రూపంలో ఉంటుంది. ప్రింటర్‌కు ఇవేవీ తెలియవు. వచ్చిన అక్షరాన్ని వచ్చినట్టు ఎడమ నుంచి కుడికి గుద్దేస్తుంది. బిల్లు చూస్తే అక్షరాలు విడివిడిగా, మాట వెనక నుంచి ముందుకు ఉంటుంది. మేం సీనియర్లం దీనికి ఏదో ఒక అడ్డదారి పట్టి, బిల్లు మొత్తాన్ని బొమ్మగా మార్చి పంపేవాళ్లం. ఒక్కో బిల్లు బయటికి రావడానికి కొన్ని సెకన్లు పట్టేది, సాయంత్రం రద్దీలో క్యాషియర్ తిట్టుకునేవాడు.

ఆ పిల్లవాడు కూర్చుని సరైన పని చేశాడు. ప్రతి అక్షరానికీ ముందూ వెనకా ఏముందో చూసి రూపం ఎంచుకుని, లైనును తిప్పి, ప్రింటర్‌కు పంపే కోడు రాశాడు. అంకెలు మాత్రం అరబిక్‌లోనూ ఎడమ నుంచి కుడికే నడుస్తాయి. మొదటిసారి 125 కాస్తా 521 అయి వచ్చిందట. అంకెల గుంపును పక్కకు తీసి మళ్లీ అదే వరసలో పెట్టే ముక్క రాయడానికి రెండు రాత్రులు పట్టిందని చెప్పాడు. మొత్తం రెండు వందల లైన్లకు కొంచెం ఎక్కువ. ఒక శుక్రవారం మా రూముకు వచ్చి చూపించాడు. ఏసీ మోతలో నాలుగు అంగుళాల కాగితం చుట్టుకుంటూ బయటికి వచ్చింది. పక్క బిల్డింగు హారిస్‌ను, అంటే కాపలాదారును, పిలిచి చదివిస్తే, ఆయన తల ఊపి గట్టిగా చదివాడు. పిల్లవాడి మొహం వెలిగిపోయింది.

'అన్నా, దీన్ని గిట్‌హబ్‌లో పెట్టేదా?' అని అడిగాడు.

'ఎందుకు తమ్ముడూ అదంతా, గ్రూపులో పడేయ్, మనోళ్లకు పనికొస్తాది' అన్నాను నేను.

గిట్‌లో ప్రతి మార్పుకూ చేసినవాడి పేరు, తేదీ, గంట నమోదై ఉంటాయి. అది నాకు తెలుసు. అతనికి అంతగా తెలియదు. నేను చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఇప్పుడు నన్ను నేను అడుక్కుంటే వచ్చే జవాబు మంచిగా లేదు. అది ఊరంతా చూసేచోట ఉంటే, నేను క్లయింటు దగ్గర నాదని చెప్పుకోలేను.

అతను గ్రూపులో పంపాడు. పైన మూడు లైన్లు రాశాడు. మొదటి లైనులో తన పేరు, ఊరు. రెండో లైనులో తేదీ, ఈ కోడు ఏం చేస్తుందో ఒక్క మాట. మూడో లైనులో, తప్పు కనిపిస్తే చెప్పండి, సరిచేసి మళ్లీ పంపుతాను అని. మూట మీద మార్కర్ పెన్నుతో రాసినట్టే రాశాడు. మా అందరికంటే చిన్నవాడు, మర్యాద తెలిసినవాడు అతనొక్కడే.

ఆ మూడు లైన్లు మేం తీసేశాం. నేను తీసేశాను. మిగతావాళ్లూ తీసేశారని తర్వాత వాళ్ల కాపీలు చూస్తే తెలిసింది. ఒకరు తన పేరు కూడా పెట్టుకున్నారు. వారం తిరక్కుండా ఖైతాన్‌లో, ఫర్వానియాలో, జిలీబ్‌లో దుకాణాల్లో ఆ కోడు నడుస్తోంది. నేను పెట్టింది మూడు చోట్ల. తీసుకున్న డబ్బులో అతనికి ఒక్క ఫిల్స్ ఇవ్వలేదు. ఇవ్వాలన్న ఆలోచనే రాలేదు. మా రూములో ఫ్రిజ్ మీద ఒక నోటుపుస్తకం ఉంటుంది. కుబ్బూస్ రొట్టెలు ఎవరు తెచ్చారు, గ్యాసు సిలిండర్ ఎవరు మార్చారు అని ఫిల్స్‌తో సహా రాసుకుంటాం. నూట యాభై ఫిల్స్ తేడా వస్తే రాత్రి పదింటికి పంచాయితీ పెట్టుకున్న మనుషులం మేం.

ఆ కోడులో ఒక తప్పుంది. మన రూపాయికి వంద పైసలు, కాబట్టి మన చేతులు దశాంశం తర్వాత రెండు అంకెలే రాస్తాయి. కువైట్ దీనార్‌కు వెయ్యి ఫిల్స్, మూడు అంకెలు రాయాలి. చివరి మొత్తం అచ్చయ్యే చోట అతను పాత అలవాటుగా రెండే పెట్టాడు. 1.250 దీనార్ల సరుకు మీద పది శాతం తగ్గిస్తే 1.125 రావాలి. అది 1.13 అని పడుతుంది. ఐదు ఫిల్స్ ఎక్కువ. ఐదు ఫిల్స్ ఇక్కడ చెల్లే నాణెమే, ఊహలో ఉండే పైసా కాదు. అన్ని బిల్లుల్లోనూ ఈ తేడా రాదు, కొన్నిట్లో తగ్గుతుంది, కొన్నిట్లో పెరుగుతుంది. నెలాఖరులో గల్లాపెట్టె, పుస్తకం కలవవు.

నాలుగు రోజులకే అతను ఆ తప్పు పట్టుకున్నాడు. సరిచేసి గ్రూపులో పెట్టాడు. 'అన్నలారా, మూడో అంకె తప్పు పోయింది, అందరూ మార్చుకోండి' అని రాశాడు. అది బతుకమ్మ శుభాకాంక్షలు వచ్చిపడుతున్న రోజు. ఆ పూల బొమ్మల కిందికి అతని మెసేజీ జారిపోయింది. చూసినవాళ్లు చూశారు. మార్చుకున్నవాళ్లు ఎవరూ లేరు. పైన మూడు లైన్లు ఉండి ఉంటే కనీసం ఎవరి దగ్గర కొత్తది అడగాలో ఆ ఫైలే చెప్పేది. వాటితోపాటు ఆ దారిని కూడా మేమే మూసేశాం.

కొన్ని నెలల తర్వాత ఒక దుకాణదారు లెక్కలు తేలక నన్ను పిలిపించాడు. బిల్లుల కట్ట ముందర పెట్టి, ఈ చివరి అంకె ఎక్కడికి పోయిందని అడిగాడు. నేను చెప్పిన జవాబు ఇది: 'అది నేను రాసింది కాదు, మా గ్రూపులో ఒక పిల్లవాడు రాసిందాన్ని వాడాం.' అతని పేరు కూడా చెప్పాను. డబ్బు తీసుకున్న రోజు ఆ పేరు నా నోట రాలేదు. తప్పు బయటపడ్డ రోజు ఇట్టే వచ్చింది. ఇలా చెప్పినవాణ్ణి నేనొక్కణ్ణే కాదని తర్వాత తెలిసింది. ముగ్గురం ముగ్గురు దుకాణదారుల దగ్గర ఆ ఒక్క పేరే చెప్పాం. బిల్లింగు పని చేసేవాళ్ల చిన్న లోకంలో అతనిది లెక్క తప్పే చెయ్యి అని పేరు పడింది.

ఆ మధ్యనే అతను ఒక ఉద్యోగానికి పోయాడు. తను చేసిన పని ఏదని అడిగితే ఈ ప్రింటర్ కోడు చూపించాడు. అవతలివాళ్లు నవ్వారట. ఇది మా దగ్గర ఇంకొకరి పేరుతో ఉంది, నువ్వు కాపీ కొట్టావా అని అడిగారట. గ్రూపులో పాత మెసేజీ చూపిద్దామంటే అప్పటికే అతని ఫోను మారింది, పాతవన్నీ పోయాయి. నాకు ఫోను చేశాడు. 'అన్నా, నేను రాసినానని నువ్వొక మాట సెప్తావా వాళ్లకు?' అన్నాడు. చెప్తాలే అన్నాను. చెప్పలేదు. చెప్తే నా క్లయింట్ల సంగతీ బయటికి వస్తుంది.

మేం పేర్లు దాచుకోవడానికి ఒక కారణం ఉంది, అది కూడా దాచను. ప్రైవేటు కంపెనీ ఉద్యోగానికి ఇచ్చే ఆర్టికల్ 18 అకామా మీద ఉన్నవాడు అప్పట్లో తన కంపెనీకి తప్ప బయట పని చేయకూడదు. మేం చేసేది బయటి పని. పేరు రాయడమంటే సాక్ష్యం రాసివ్వడమే అనిపించేది. అనుమతి తీసుకుని పార్ట్‌టైం చేసుకునే వీలు 2024లో వచ్చింది. అయినా ఆ భయం మా పేర్ల గురించి. అతని పేరు తీసేయడానికి అది కారణం ఎలా అవుతుంది? అతను అడగలేదు కదా, లైసెన్సు రాయలేదు కదా, గ్రూపులో పెట్టాడంటే అందరిదీ అయినట్టే కదా అని మాలో కొందరు ఇప్పటికీ అంటారు. కాదు. ఏ లైసెన్సూ రాయకపోతే హక్కులన్నీ రాసినవాడివే. ఎవరైనా వాడుకోండని చెప్పే ఎంఐటీ లైసెన్సు కూడా ఒక్క షరతు పెడుతుంది: పైనున్న పేరూ ఈ నాలుగు మాటలూ తీసేయకండి అని. అంత ఉదారంగా ఇచ్చేవాళ్లు అడిగేది అదొక్కటే. మేం తీసేసింది సరిగ్గా దాన్నే.

పెద్దవాళ్ల ఉదాహరణ మాకు లేక కాదు. తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో ఒక క్రమంలో రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేసి అందరికీ ఇచ్చారు. రైస్ పేరే దానికి ఉండిపోయింది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియాను మొదలుపెట్టిన వెన్న నాగార్జున, పద్మ అనే సాఫ్ట్‌వేరును సోర్సుతో సహా బయట పెట్టారు. అప్పట్లో ఈనాడు సైటు సొంత ఫాంటులో ఉండేది. పద్మ దాన్ని యూనికోడులోకి మార్చి చూపించేది. వీవెన్ 2006లో తెలుగు టైపింగు సాధనం లేఖినిని చేసినప్పుడు పద్మ కోడును ఆధారం చేసుకున్నారు, ఆ మాట చెప్పుకున్నారు. కువైట్‌కు వచ్చిన కొత్తలో నేను మా అమ్మకు చదివి వినిపించమని తమ్ముడికి పంపిన మొదటి తెలుగు ఈమెయిలు లేఖినిలో రాసిందే. ఒకరి పేరు ఒకరు చెప్పుకుంటూ వచ్చిన ఆ వరస మీద నడిచి వచ్చి, మా చేతికి వచ్చేసరికి దాన్ని తెంపేశాం.

అతను పోయిన ఏడాది ఊరికి వెళ్లిపోయాడు. తిరిగి రాలేదు. పోయేటప్పుడు అతనికి మూట కట్టి ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. మా అమ్మకు నొప్పుల నూనె, బాదం పప్పు. విప్పి చూపించి, తూచి, పేరు రాసి ఇచ్చాను. భద్రంగా చేర్చాడు.

నెల కిందట నా ఫైలు తెరిచాను. పైన అతని మూడు లైన్లు గుర్తున్నంతవరకు తిరిగి రాశాను. అతను పంపిన సవరణ వెతికి పట్టుకుని కలిపాను. గ్రూపులో అందరికీ కనబడేలా, ఎవరెవరి దగ్గర ఇది ఉందో చెప్పండి, ఇది ఎవరిదో ఇకనైనా రాసుకుందాం అని పెట్టాను. ఐదుగురు ముందుకొచ్చారు. కొందరు చదివి ఊరుకున్నారు. ఒకరు గ్రూపు వదిలి వెళ్లారు. అతనికి విడిగా రాశాను. దుకాణదారుల దగ్గర ఏం చెప్పానో, ఉద్యోగం దగ్గర ఏం చెప్పలేదో, అంతా. అతని పేరుతో గిట్‌హబ్‌లో పెడతానని, తాళం అతని చేతికే ఇస్తానని రాశాను.

రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది. తిట్టలేదు. క్షమించాననీ రాయలేదు. ఒక్కటే అడిగాడు: 'అన్నా, అన్ని షాపుల్లో మూడో అంకె మార్చినారా?'

నేను పెట్టిన మూడింటిలో రెండు మార్చాను. మూడోది చేతులు మారింది. కొత్త యజమాని నన్ను లోపలికి రానివ్వలేదు, అక్కడ ఇప్పటికీ పాతదే నడుస్తోంది. లేదు తమ్ముడూ అని రాయడానికి నాకు ఆ శుక్రవారం సాయంత్రం దాకా పట్టింది.